గిఫ్టెడా, హానర్సా: డాలస్ ప్రాంత తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

డాలస్ చుట్టుపక్కల ఊళ్లలో పనిచేస్తున్న తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, పెద్దలకు నమస్కారం.

దేశం కాని దేశంలో మన మనిషి ఎవరైనా అర్ధంతరంగా పోతే, భౌతికకాయం సొంతూరు చేరేదాకా మీలో చాలామంది కంటిమీద కునుకు లేకుండా తిరగడం నేను చూశాను. ఆ గౌరవం మనసులో పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన ఏడాది దసరాకి ముందు మేం కొందరు తల్లిదండ్రులం కలిసి మా ప్రాంతంలోని సంఘానికి ఒక విన్నపం ఇచ్చాం. మిడిల్ స్కూల్లో గిఫ్టెడ్ ప్రోగ్రామ్ అంటే ఏమిటి, హానర్స్ క్లాసులంటే ఏమిటి, ఏది ఎలాంటి పిల్లలకు సరిపోతుంది అన్నది ఐదో తరగతి పిల్లలున్న ఇళ్లవాళ్లకు తెలుగులో వివరించే సమావేశం ఒకటి పెట్టమని అడిగాం. చూద్దాం అన్నారు. సంక్రాంతి సంబరాలకు ముందు మళ్లీ అడిగితే షెడ్యూల్ నిండిపోయిందన్నారు. ఆ రోజు వేదిక మీద మాత్రం ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు స్పాన్సర్ల హోదాలో మైకు తీసుకుని, మీ పిల్లల్ని గిఫ్టెడ్ చేసే బాధ్యత మాది అని చెప్పి వెళ్లారు. మా ప్రాంతం ప్రభుత్వ స్కూళ్లను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకి కూడా ఈమెయిల్ పెట్టాం. వివరాలన్నీ వెబ్‌సైట్‌లో ఉన్నాయని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. మీ దగ్గరికి వచ్చి అడిగితే పని జరగలేదు కాబట్టి ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

మళ్లీ జనవరి వస్తుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఐదో తరగతి పిల్లలు కోర్సు సెలక్షన్ ఫారం ఇంటికి తెస్తారు. మా పిల్లలు తెచ్చిన ఫారంలో మ్యాథ్స్, సైన్స్, ఇంగ్లిష్, సోషల్ ఒక్కోదాని ఎదురుగా మూడు గడులున్నాయి: మామూలు, హానర్స్, జీటీ. జీటీ అంటే గిఫ్టెడ్ అండ్ టాలెంటెడ్. పరీక్ష పెట్టి గుర్తించిన పిల్లలకే ఆ మూడో గడి. ఫారం వెనక రెండు వాక్యాల వివరణ ఉంది, అది చదివితే తేడా ఏమిటో నాకే అర్థం కాలేదు. వారం పది రోజుల్లో సంతకం పెట్టి పంపాలి. ఆ వారం పది రోజులూ మన ఇళ్లలో జరిగేది మీకు తెలియనిది కాదు. వాట్సాప్ గ్రూపుల్లో అడుగుతారు, నలుగురు నాలుగు రకాలుగా చెప్తారు, ఆఖరికి పక్కింటివాళ్లు ఏ గడిలో టిక్కు పెట్టారో కనుక్కుని వీళ్లూ అక్కడే పెడతారు. దీనివల్ల నష్టపోతున్నది ఎవరో, ఎలాగో కింద రాస్తున్నాను.

1. గిఫ్టెడ్ ప్రోగ్రామ్‌ని మనం టాప్ సెక్షన్ అనుకుంటున్నాం.

మనలో చాలామందిమి ఎంసెట్ రోజుల్లో చదువుకున్నవాళ్లమే. మార్కుల్ని బట్టి సెక్షన్లు, వారం వారం టెస్టులు, ర్యాంకు పడిపోతే కింది సెక్షన్. ఇప్పుడైతే అక్కడ ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లు నడుస్తున్నాయి. ఆ అలవాటుతోనే ఇక్కడి ఫారం చదువుతున్నాం. జీటీ అంటే మొదటి సెక్షన్, హానర్స్ అంటే రెండో సెక్షన్ అని లెక్క వేసుకుంటున్నాం.

మన టెక్సాస్ రాష్ట్ర విద్యా చట్టం చెప్పేది వేరు. తనలాంటి వయసో, అనుభవమో, పరిసరాలో ఉన్న తోటి పిల్లలతో పోలిస్తే అసాధారణ స్థాయిలో రాణిస్తున్న పిల్లల్ని, లేదా అలా రాణించగల సూచనలున్న పిల్లల్ని గుర్తించమంటుంది. చదువులోనే రాణించాలని కూడా లేదు. సృజన, కళ, నాయకత్వం, ఒకే ఒక్క సబ్జెక్టులో విశేషమైన ప్రతిభ, ఇవన్నీ ఆ నిర్వచనంలో ఉన్నాయి. అంటే ప్రతి సబ్జెక్టులో వందకి తొంభై ఎనిమిది తెచ్చుకునే పిల్లలంతా అందులోకి రావాలని లేదు. లెక్కల్లో మూడేళ్లు ముందుండి, వ్యాసం రాయమంటే తడబడే పిల్లవాడు రావచ్చు. టీచర్ చెప్పేది మొదటిసారికే అందుకుని మిగతా పీరియడ్ అంతా ఏం చేయాలో తోచక అల్లరి చేస్తూ రోజూ తిట్లు తినే పిల్లా రావచ్చు. అలాంటి పిల్లలకు మామూలు క్లాసు చాలదు కాబట్టి, వాళ్లకు వేరే ఏర్పాటు చేసే బాధ్యతను రాష్ట్రం డిస్ట్రిక్టుల మీద పెట్టింది. ఫెడరల్ ప్రభుత్వం ఇలాంటి ఆదేశం ఏదీ ఇవ్వలేదు. 1988 నాటి జావిట్స్ చట్టం కింద కొన్ని గ్రాంట్లు ఇస్తుంది, అంతే. అందుకే రాష్ట్రానికో తీరు, డిస్ట్రిక్టుకో పద్ధతి.

హానర్స్ క్లాసు అంటే అదే సబ్జెక్టు కాస్త వేగంగా, కాస్త లోతుగా చెప్పేది. చాలా డిస్ట్రిక్టుల్లో దీనికి ఎంట్రన్స్ లేదు, ఫారం మీద సంతకం చాలు. హైస్కూల్లో చదివే కాలేజీ స్థాయి ఏపీ కోర్సులకు ముందు మెట్టుగా ఒకప్పుడు వీటినే ప్రీ-ఏపీ అనేవాళ్లు. ఆ ఏపీ పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డ్ ఆ పేరును తన సొంత కోర్సులకే ఉంచుకోవడంతో ఒక డిస్ట్రిక్టు హానర్స్ అని, ఇంకోటి అడ్వాన్స్‌డ్ అని పేరు మార్చుకున్నాయి. ఫ్రిస్కోలో ఉన్నవాళ్లూ అర్వింగ్‌లో ఉన్నవాళ్లూ ఒకే వాట్సాప్ గ్రూపులో మాట్లాడుకుంటే అయోమయం కాక ఏమవుతుంది?

మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. మిడిల్ స్కూల్‌కి వచ్చేసరికి చాలాచోట్ల జీటీ పిల్లల్నీ హానర్స్ పిల్లల్నీ ఒకే గదిలో కూర్చోబెడతారు. అదే టీచర్, అదే సిలబస్. జీటీ పిల్లలకు పాఠం చెప్పే టీచర్ 30 గంటల శిక్షణ తీసుకుని ఉండాలని, ఆ తర్వాత ఏటా మరో 6 గంటలు తీసుకోవాలని రాష్ట్ర నిబంధన. ఆ శిక్షణ ఉన్న టీచర్ నిజంగా వేరే పని ఇస్తే, వేరే ప్రశ్నలు అడిగితే తేడా ఉంటుంది. ఇవ్వకపోతే ఫారం మీద పేరు తప్ప ఏ తేడా ఉండదు. కాబట్టి తల్లిదండ్రులు స్కూల్ కౌన్సిలర్‌ని, అంటే కోర్సుల ఎంపికలో సలహా చెప్పే ఉద్యోగిని, అడగవలసింది ఇది: ఈ స్కూల్లో జీటీ గడిలో టిక్కు పెడితే, మా పిల్లకు హానర్స్‌లో దొరకనిది ఏం దొరుకుతుంది? ఏ గదిలో, ఏ టీచర్ దగ్గర, వారానికి ఎంతసేపు? ఈ ప్రశ్న అడగొచ్చని కూడా మనవాళ్లకు తెలియదు. నేను అడిగినప్పుడు ఆ కౌన్సిలర్ విసుక్కోలేదు. టీచర్‌ని అడిగి చెప్తానని, రెండు రోజుల్లో ఫోన్ చేసి చెప్పింది.

2. అసలు పట్టించుకోవలసిన మెట్టు మ్యాథ్స్‌లో ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

పన్నెండో తరగతిలో కాలిక్యులస్ చదవాలంటే ఎనిమిదిలో ఆల్జీబ్రా వన్ అయిపోవాలి. తొమ్మిదిలో జామెట్రీ, పదిలో ఆల్జీబ్రా టూ, పదకొండులో ప్రీకాలిక్యులస్. ఎనిమిదిలో ఆల్జీబ్రా అందాలంటే ఆరులోనే అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్‌లో ఉండాలి, ఎందుకంటే మూడేళ్ల సిలబస్‌ని రెండేళ్లలోకి కుదించేది అక్కడే. అది తప్పిపోతే తర్వాత వేసవి సెలవుల్లో కోర్సు చేయాలి, లేదా ఒకే ఏడాదిలో రెండు మ్యాథ్స్ కోర్సులు తీసుకోవాలి. ఇంజనీరింగ్ వైపు వెళ్లాలనుకునే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

టెక్సాస్ శాసనసభ 2023లో సెనేట్ బిల్లు 2124 ద్వారా దీనికి ఒక దారి చూపింది. రాష్ట్రం ఏటా పెట్టే స్టార్ పరీక్షలో, ఐదో తరగతి మ్యాథ్స్‌లో పై 40 శాతంలో నిలిచిన పిల్లల్ని, లేదా డిస్ట్రిక్టు సొంత కొలమానంలో ఆ స్థాయి అందుకున్న పిల్లల్ని, ఎవరూ అడగక్కర్లేకుండానే ఆరో తరగతి అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్‌లో వేయాలి. వద్దనుకుంటే తల్లిదండ్రులు రాసి ఇవ్వాలి. డాలస్ ఐఎస్‌డీ, అంటే డాలస్ నగర స్కూల్ డిస్ట్రిక్టు, ఈ పద్ధతిని చట్టం రాకముందే మొదలుపెట్టింది, దానివల్ల నల్లజాతి పిల్లలు, హిస్పానిక్ పిల్లలు ఆ క్లాసుల్లోకి పెద్దసంఖ్యలో వచ్చారు. అటు సాన్‌ఫ్రాన్సిస్కో 2014లో మిడిల్ స్కూళ్లలో ఆల్జీబ్రా తీసేసి, తల్లిదండ్రులు పదేళ్లు పోరాడాక 2024లో మళ్లీ తేవాలని నిర్ణయించుకుంది.

ఇందులో జీటీ ముద్ర ప్రసక్తి ఎక్కడా లేదని గమనించండి. గిఫ్టెడ్ కాని పిల్లకు కూడా ఈ మెట్టు ఎక్కే హక్కు ఉంది. జీటీ రాలేదని ఏడ్చి, ఆ నీరసంలో మ్యాథ్స్ మామూలు క్లాసుకి ఒప్పుకుని సంతకం పెట్టిన తల్లిదండ్రులు నాకు తెలుసు.

3. కొత్తగా వచ్చినవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు.

పదిహేనేళ్ల కింద వచ్చి, ఇల్లు కొనుక్కుని, స్కూల్ పీటీఏలో (తల్లిదండ్రులు, టీచర్ల సంఘంలో) తిరిగేవాళ్లకు ఏ తేదీ ఎప్పుడో తెలుసు. నిన్నగాక మొన్న ప్రాజెక్టు మీద వచ్చిన కుటుంబానికి, రాత్రి షిఫ్టుల్లో గ్యాస్ స్టేషన్‌లో పనిచేసే తండ్రికి, హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఉండి కారు నడపడం ఇంకా రాని తల్లికి ఎవరు చెప్పాలి?

మా అపార్ట్‌మెంట్లలోకి కరీంనగర్ వైపు నుంచి ఒక కుటుంబం ఆగస్టులో దిగింది. అమ్మాయి ఆరో తరగతిలో చేరింది. ఐదో తరగతి ఇక్కడ చదవలేదు కాబట్టి స్టార్ మార్కులు లేవు. మార్కులు లేవు కాబట్టి ఆ చట్టం ఈ అమ్మాయిని పైకి లాగలేదు. మామూలు మ్యాథ్స్‌లో వేశారు. డిసెంబర్‌లో ఒకరోజు ఆ తల్లి నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. ఎడమ పేజీలో స్కూల్లో ఇచ్చిన భిన్నాల కూడికలు, అన్నీ సరిగ్గా, ఒక్క అడుగులో చేసేసినవి. కుడి పేజీలో అదే పీరియడ్‌లో ఊరికే కూర్చోలేక ఆ అమ్మాయి తనంతట తను రాసుకున్న సమీకరణాలు, పాత ఊరి పుస్తకంలోంచి గుర్తున్నవి. ఆ పక్కన ఎరుపు పెన్నుతో టీచర్ రాసింది: పాఠం మీద దృష్టి పెట్టు. ఆ తల్లి నన్ను అడిగింది, జీటీకి ఫీజు ఎంత కట్టాలండీ అని.

ఫీజు లేదు. ఏ స్థాయి క్లాసులో వేయాలో తేల్చే ప్లేస్‌మెంట్ టెస్ట్ పెట్టమని అడగొచ్చు. గిఫ్టెడ్ పరీక్షకి తల్లిదండ్రులే పేరు ఇవ్వొచ్చు. పిల్లకు ఇంగ్లిష్ ఇంకా సరిగా రాకపోతే, అర్థమయ్యే భాషలోగానీ, మాటలతో పనిలేని బొమ్మల పరీక్షతోగానీ చూడాలని రాష్ట్ర ప్రణాళికలోనే ఉంది. ఒక్క పరీక్షతో తేల్చేయకూడదు, కనీసం మూడు రకాల ఆధారాలు చూడాలి, శిక్షణ ఉన్న ముగ్గురు ఉద్యోగులైనా కూర్చుని నిర్ణయించాలి, నచ్చకపోతే అప్పీలుకి వెళ్లే దారి ఉండాలి. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. ఆ తల్లికి డిసెంబర్ దాకా ఒక్కటీ తెలియదు. అప్పటికి ఆ ఏడాది పేరు ఇచ్చే గడువు దాటిపోయింది.

ఇది మన ఒక్కరి బాధే కూడా కాదు. ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీలో తల్లిదండ్రులు, టీచర్లు పేరు ఇస్తేనే పరీక్ష పెట్టే పద్ధతి మార్చి, రెండో తరగతి పిల్లలందరినీ పరీక్షించడం మొదలుపెట్టారు. పేద ఇళ్ల పిల్లలు, నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు అంతకు ముందుకంటే చాలా ఎక్కువమంది గిఫ్టెడ్‌గా తేలారు. డేవిడ్ కార్డ్, లారా జూలియానో అనే ఆర్థికవేత్తలు దీని మీద 2016లో పరిశోధన ప్రచురించారు. డబ్బులు లేవని ఆ పద్ధతికి కోత పెట్టగానే ఆ సంఖ్యలు మళ్లీ పడిపోయాయి. తెలివైన పిల్లలు అంతకుముందూ ఉన్నారు, ఆ తర్వాతా ఉన్నారు. వాళ్ల పేరు ఇచ్చేవాళ్లే లేరు.

4. ఆ ఖాళీలోకి కోచింగ్ వచ్చి కూర్చుంది.

గిఫ్టెడ్ పిల్లల్ని గుర్తించడానికి వాడే కోగాట్ అనే పరీక్షలో మూడు భాగాలుంటాయి: మాటలు, అంకెలు, బొమ్మలు. బొమ్మల భాగంలో కాగితం మడిచి చిల్లు పొడిస్తే, విప్పాక చిల్లులు ఎక్కడెక్కడ కనిపిస్తాయో చెప్పే ప్రశ్నలుంటాయి. పిల్లవాడు ఎన్నడూ చూడని ప్రశ్న ఎదురైతే ఎలా ఆలోచిస్తాడో తెలుసుకోవడానికి పెట్టినవి అవి. ఏడేళ్ల పిల్లల చేత అవే ప్రశ్నలు నెలల తరబడి చేయిస్తే కొలిచేది ఇంకేదో అవుతుంది. ఎలాంటి ప్రశ్నలు వస్తాయో తెలిసేలా ఒకసారి నమూనా పేపరు చూపించడం వేరు, శని ఆదివారాలు మొత్తం దానికే పోయడం వేరు.

తర్వాత జరిగేది ఎవరూ చెప్పరు. అలా లోపలికి వెళ్లిన పిల్లల్లో కొందరికి మిడిల్ స్కూల్లో వేగం అందదు. అందకపోతే దానికి ఇంకో కోచింగ్. ఖర్చు భరించగల ఇల్లు భరిస్తుంది. భరించలేని ఇల్లు క్రెడిట్ కార్డు మీద కడుతుంది. వేదిక మీద మీరు మైకు ఇచ్చారంటే, పెద్దవాళ్లే చెప్తున్నారు కదా అని నమ్మి కట్టేవాళ్లు వీళ్లే.

5. పిల్లలు మోస్తున్నారు.

మా డిస్ట్రిక్టులో జీటీ ప్రత్యేక పీరియడ్ తీసుకుంటే ఒక ఎలక్టివ్ పోతుంది. బ్యాండో, ఆర్కెస్ట్రానో, స్పానిషో వదులుకోవాలి. పదకొండేళ్ల పిల్ల వయొలిన్ పెట్టె మూసి అటక మీద పెట్టడం ఒక నిర్ణయమే, అది ఆ పిల్లతో మాట్లాడి తీసుకోవలసిన నిర్ణయం. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలు రోజుకు 9 నుంచి 12 గంటలు నిద్రపోవాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ చెప్తోంది. నాలుగు సబ్జెక్టులూ హానర్స్, పైన జీటీ ప్రాజెక్టు, సాయంత్రం కూచిపూడి, రాత్రి మ్యాథ్స్ ట్యూషన్ అయ్యాక ఆ తొమ్మిది గంటలు ఎక్కడి నుంచి తెస్తాం?

న్యూజెర్సీలోని వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బరోలో 2015లో సూపరింటెండెంట్ డేవిడ్ ఆడర్‌హోల్డ్ పిల్లల మీద ఒత్తిడి గురించి తల్లిదండ్రులకు సుదీర్ఘమైన లేఖ రాసి, మిడ్‌టర్మ్, ఫైనల్ పరీక్షలు తీసేసి, హోంవర్క్ లేని రాత్రులు పెట్టారు. ఆసియా తల్లిదండ్రుల్లో చాలామంది ఎదురు తిరిగారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. పరీక్ష ఒక్కటే మనల్ని ఇక్కడిదాకా తెచ్చిందని మన నమ్మకం. కానీ ఆ లేఖకు కారణమైన పిల్లల పరిస్థితి మాత్రం అబద్ధం కాదు.

టెక్సాస్ నిబంధనల్లో ఫర్లో అనే ఏర్పాటు ఉంది. గిఫ్టెడ్ పిల్లకు ఏ కారణం చేతనైనా భారమైతే, పేరు తీసేయకుండా కొంతకాలం ప్రోగ్రామ్ నుంచి విరామం తీసుకునే అవకాశం అది. ఇంట్లో ఒకరికి ఆపరేషన్ జరిగినప్పుడు, తమ్ముడు పుట్టినప్పుడు, పిల్ల ఊరికే అలిసిపోయినప్పుడు వాడుకోవలసింది. నేను అడిగిన తెలుగు ఇళ్లలో ఒక్కరికీ దీని గురించి తెలియదు.

6. ఊరు మారితే ముద్ర వెంట రాదు.

ప్రాజెక్టు మారి న్యూజెర్సీ నుంచో, నార్త్ కరొలైనా నుంచో వచ్చే పిల్లల్ని ఇక్కడి డిస్ట్రిక్టు చాలాసార్లు మళ్లీ పరీక్షిస్తుంది. పూర్తిచేసిన కోర్సు మాత్రం రికార్డులో ఉంటుంది. కాలేజీ దరఖాస్తులో చూసేది తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల ట్రాన్‌స్క్రిప్ట్. ఆరో తరగతిలో గిఫ్టెడా కాదా అని అక్కడ అడగరు. ఎనిమిదిలో తీసుకున్న ఆల్జీబ్రాలాంటి హైస్కూల్ క్రెడిట్ కోర్సు జీపీఏలో (హైస్కూల్ మార్కుల సగటులో) కలుస్తుందో లేదో డిస్ట్రిక్టుని బట్టి ఉంటుంది. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ (యూటీ ఆస్టిన్) నేరుగా సీటు ఇచ్చే పరిధిని 2026 నుంచి హైస్కూల్ ర్యాంకులో పై 5 శాతానికి కుదించింది కాబట్టి ఈ లెక్క ముందే కనుక్కోవాలి. వర్జీనియాలో ఉన్న మనవాళ్ల సంగతి వేరు. అక్కడ పోటీపడి సీటు తెచ్చుకోవలసిన థామస్ జెఫర్సన్ అనే ప్రభుత్వ హైస్కూల్‌కి దరఖాస్తు చేయాలంటే ఎనిమిదిలోగా ఆల్జీబ్రా వన్ కావాలి, 2020 నుంచి అక్కడ ప్రవేశపరీక్షే లేదు. అక్కడి మాట ఇక్కడ పనికిరాదు, ఇక్కడి మాట అక్కడ పనికిరాదు.

ఇంతకీ ఏది ఎంచుకోవాలి అని నన్ను అడిగితే, నా ఇద్దరు పిల్లలకు రెండు రకాలుగా ఎంచుకున్నాం. పెద్దదానికి జీటీ గడి ఉన్నా హానర్స్ మ్యాథ్స్, హానర్స్ సైన్స్, మామూలు ఇంగ్లిష్ తీసుకుని వయొలిన్ ఉంచుకున్నాం. దానికి లెక్కలు ఇష్టం, ఎవరూ నెట్టక్కర్లేదు, హానర్స్‌లోనే దానికి పని దొరికింది. చిన్నవాడికి మార్కులు అక్కకంటే తక్కువే. కానీ వాడు అడిగే ప్రశ్నలకు హానర్స్ క్లాసులో జవాబు చెప్పే తీరిక టీచర్‌కి ఉండేది కాదు. వాడికి తనలాంటి మరో నలుగురు పిల్లలు, వాదించనిచ్చే టీచర్ కావాలి. ఆ స్కూల్ జీటీ హ్యుమానిటీస్ (సాహిత్యం, చరిత్రలాంటివి) క్లాసులో అవి ఉన్నాయని కనుక్కున్నాకే అక్కడ వేశాం. ఇలా నిదానంగా ఆలోచించడానికి మాకు ఇంగ్లిష్ ఉంది, టైం ఉంది, అడిగితే చెప్పే స్నేహితులు ఉన్నారు. ఆ మూడూ లేని ఇళ్ల కోసమే కింది డిమాండ్లు.

మేం కోరేవి:

1. వచ్చే సంక్రాంతి కార్యక్రమంలో ఒక గంట ఇవ్వండి. మధ్యాహ్న భోజనాలకు ముందు, జనం ఉన్నప్పుడు. డిస్ట్రిక్టు కౌన్సిలర్ ఒకరు, జీటీ క్లాసులు చెప్పే టీచర్ ఒకరు, తెలుగులో వివరించేవాళ్లు ఒకరు. ఈ ప్రాంతం స్కూళ్లలో తెలుగు టీచర్లు ఇప్పుడు తక్కువేం లేరు, అడిగితే వస్తారు.

2. డిస్ట్రిక్టువారీగా తెలుగులో రెండు పేజీల కరపత్రం వేయించండి. గిఫ్టెడ్ పరీక్షకి పేరు ఇచ్చే గడువు, పరీక్ష తేదీలు, అప్పీలు పద్ధతి, కోర్సు సెలక్షన్ తేదీలు, ఫర్లో సంగతి, కొత్తగా వచ్చినవాళ్లు ప్లేస్‌మెంట్ టెస్ట్ ఎలా అడగాలో అందులో ఉండాలి. గుళ్లో, ఇండియన్ గ్రోసరీ షాపుల్లో, అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసుల్లో ఆగస్టులో పెట్టాలి. జనవరిలో పెడితే సగం గడువులు దాటిపోతాయి.

3. కోచింగ్ సెంటర్ల దగ్గర స్పాన్సర్‌షిప్ తీసుకోవడం మానమని అనడం లేదు, కార్యక్రమాల ఖర్చు మాకూ తెలుసు. బ్యానర్ కట్టనివ్వండి. పిల్లల చదువు మీద సలహా చెప్పే మైకు మాత్రం వాళ్ల చేతికి ఇవ్వొద్దు. గిఫ్టెడ్ గ్యారంటీ అనే మాట మీ వేదిక మీద వినపడకూడదు.

4. ఆపదలో ఉన్న కుటుంబాల కోసం మీరు నడుపుతున్న సహాయ బృందంలాంటిదే స్కూల్ విషయాలకూ ఒకటి పెట్టండి. ప్రతి డిస్ట్రిక్టుకీ ఇద్దరు వాలంటీర్లు చాలు. హెచ్-4 మీద ఉన్న తల్లి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడి, అవసరమైతే కౌన్సిలర్ దగ్గరికి తోడు వెళ్లాలి. మాలో కొంతమందిమి పేర్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం.

5. సంఘం లెటర్‌హెడ్ మీద డిస్ట్రిక్టు ట్రస్టీలకు, అంటే స్కూల్ బోర్డు సభ్యులకు, రాయండి. అడగవలసినవి మూడు. ఫారం మీద జీటీకీ హానర్స్‌కీ అసలు తేడా స్పష్టంగా రాయాలి. పేరు ఇచ్చినవాళ్లకే కాకుండా పిల్లలందరికీ ప్రైమరీలోనే పరీక్ష పెట్టాలి. స్టార్ మార్కులు లేని కొత్త పిల్లలకు చేరిన నెలలోపు ప్లేస్‌మెంట్ టెస్ట్ పెట్టాలి. మా ఈమెయిల్‌కి ఒక్క వాక్యం జవాబు ఇచ్చినవాళ్లు, వేలమంది సభ్యులున్న సంఘం రాస్తే అలా ఇవ్వలేరు. బోర్డు మీటింగుల్లో పబ్లిక్ కామెంట్‌కి ఎవరైనా పేరు ఇచ్చి మాట్లాడొచ్చు. ఆ రోజు మీరు రండి, మేం మీ వెనక కూర్చుంటాం.

6. సన్మాన కార్యక్రమాల్లో పిల్లల్ని ఫలానావారి గిఫ్టెడ్ అబ్బాయి అని పరిచయం చేయడం ఆపండి. ఆ మాట విన్నప్పుడు కింద కూర్చున్న మిగతా పిల్లల మొహాలు చూడండి. వాళ్ల పక్కనున్న తల్లిదండ్రుల మొహాలు కూడా చూడండి. ఇంటికి వెళ్లాక ఆ పిల్లలకు ఏం ఎదురవుతుందో మీకూ తెలుసు.

హాలు సర్దడం, కుర్చీలు వేయడం, కరపత్రం రాసి ప్రింటు చేయించడం మేం చూసుకుంటాం. కౌన్సిలర్‌తో మాట్లాడే బాధ్యత కూడా తీసుకుంటాం. మాకు కావలసింది మీ వేదిక, మీ మాట, మీ లెటర్‌హెడ్. దీపావళి లోపు ఒక తేదీ చెప్పండి. మీకు వీలుకాదంటే మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో జనవరి మొదటి శనివారం మేమే పెడతాం. అప్పుడు కూడా మీ అందరికీ పిలుపు వస్తుంది, ముందు వరసలో మీ కుర్చీలు ఉంటాయి.

ఇట్లు,
డాలస్ ఉత్తర శివార్లలో ఉంటున్న ఇద్దరు పిల్లల తల్లి,
విన్నపం మీద సంతకాలు చేసిన తల్లిదండ్రుల తరఫున